కువైట్‌లో తోలిన బండి

లక్ష్మీతులసి ఆరేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి కిందటి వేసవిలో ఊరికి వచ్చేసింది. ఆ ఆరేళ్లలో ఆమె ఆడిన అబద్ధం ఒక్కటే. అదీ చిన్నదే. కానీ అది ఆమె కన్నా ముందే ఊరు చేరి, నలుగురి ఇళ్లలో తిరిగి, బాగా ఒళ్లు చేసింది.

సంగతేమిటంటే, ఆడపడుచు బేబి కొత్త స్కూటీ కొనుక్కున్న రోజు వీడియో కాల్ చేసింది. బండిని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూపించి, "నీకు సైకిలు తొక్కడం కూడా రాదు కదొదినా, పాపం" అంది. తులసి అప్పుడు యజమాని కొడుకులు ఎడారిలో తోలుకునే బండ్లు కడుగుతోంది. పొడుగు కాళ్లతో, బక్కపలచగా, మిడతల్లా ఉంటాయి ఆ బండ్లు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ "పాపం" చెవిలోంచి పోలేదు. డ్రైవరును బతిమాలి, ఒక బండెక్కి కూర్చుని ఫోటో తీయించుకుంది. "ప్రతి శుక్రవారం ఇసకలో తోలతాను బేబీ" అని రాసి పంపేసింది.

బేబి ఆ ఫోటోను తన అన్నకు, అంటే తులసి మొగుడు నాగబాబుకు, చూపించింది. నాగబాబు రాజోలులో ఆటో నడుపుతాడు. అతను ముందు ఆటో స్టాండులో చూపించాడు, తరవాత ఆటో ఎక్కిన ప్రతివాళ్లకీ చూపించాడు. ఫోటోలో బండి స్టాండేసి ఉంది. నాగబాబు మాటల్లో మాత్రం అది ఇసక దిబ్బల మీద నుంచి ఎగిరేది.

ఊరికి వచ్చాక తులసి రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. ఫోటో మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది. మెల్లగా అందరూ మరిచిపోతారనుకుంది. నాగబాబు మరిచిపోయే రకం కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం షెడ్డు దగ్గరికి ఆటో తెచ్చి, "ఎక్కు. అంబాజీపేట వెళ్దాం" అన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. దారి పొడుగునా తనలో తనే నవ్వుకున్నాడు. కృష్ణమూర్తి గారి కొబ్బరి కొట్టు ముందు ఆటో ఆపి, ఆమెను లోపలికి తీసుకెళ్లి, గోడవారగా ఉన్న కొబ్బరి బస్తాలు రెండు పక్కకు లాగాడు.

వెనక మిడత ఉంది.

బూజు పట్టి, ఒక చక్రంలో గాలి లేక పక్కకు ఒరిగి ఉంది. హ్యాండిలుకు ఎవరిదో చొక్కా వేలాడుతోంది.

"మా రాజ్‌కుమార్ బెంగుళూరులో చదివేటప్పుడు కొన్నాడమ్మా" అన్నారు కృష్ణమూర్తి గారు. "రేసులో పడి మెడ దగ్గర ఎముక విరిచుకున్నాడు. వాళ్లమ్మ ఒట్టు వేయించుకుంది, మళ్లీ దీన్నెక్కనని. అప్పట్నించి మా కుర్రాళ్లు చొక్కాలు తగిలించుకోడానికే ఉపయోగపడతంది. మీ ఆయన మొన్న వచ్చి ఫోటో చూపించేరు. సరే, తోలేవాళ్ల చేతికి వెళ్తుంది కదా అని బేరం కూడా ఆడలేదు. ఇంతకీ కువైట్లో తోలింది మీరేనాండీ?"

తులసి నాగబాబు ముఖం చూసింది. అలాంటి వెలుగు పెళ్లిలో కూడా లేదు ఆ ముఖంలో.

"ఆయ్" అంది.

ఆ ఒక్క మాటతో బండి ఆమెదైపోయింది.

అయినా ఆశ పూర్తిగా పోలేదు. "దీనికి లైటు లేదు, హారన్ లేదు, నంబరు ప్లేటూ లేదు" అంది.

"రోడ్డు మీద తోలే బండి కాదమ్మా. ఇసకలో, మట్టిలో తోలుకోడానికే" అన్నారాయన.

"మా ఇంటి వెనకాల సముద్రం దాకా ఇసకేనండి" అన్నాడు నాగబాబు.

తులసి కిక్ మీద కాలు పెట్టి నొక్కి చూసింది. ఇనప గుంజను తొక్కినట్టుంది, కదల్లేదు. "ఇంజను పట్టేసింది బావా" అంది. దిగులుగా అందామనుకుంది గానీ గొంతులో సంతోషం దాగలేదు.

"నూకయ్య బాబాయ్ లేడూ" అన్నాడు నాగబాబు.

నూకయ్య తులసికి వరసకు బాబాయి. రేవులో పడవ మోటార్లు బాగుచేస్తాడు. నలభై ఏళ్లు ఆ మోత విని విని ఒక చెవి మొద్దుబారింది. మినీ వ్యానులో దిగిన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సైలెన్సరు వాసన చూసి, "టూ స్ట్రోకు కదా. ఇది మన పడవ మోటారే అల్లుడూ, చక్రాలు పెట్టేరంతే" అన్నాడు.

విప్పితే గాలి ఫిల్టరు డబ్బాలో కొబ్బరి పీచుతో కట్టిన గూడు, అందులో కళ్లు తెరవని ఎలక పిల్లలు నాలుగు. తులసి అత్తగారు కనకమ్మ అరుగు మీద నుంచి చూసి, "బండి కొన్నారనుకున్నాను, సంసారాన్ని కొన్నారన్నమాట" అంది. స్పార్క్ ప్లగ్గు తీసిన కన్నంలో నూకయ్య కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోశాడు. నాలుగు రోజులు నాననిస్తే పిస్టను కదలొచ్చన్నాడు.

తులసి ప్రతి ఉదయం పళ్లు తోముకుంటూ వెళ్లి కిక్ నొక్కి చూసేది. కదలకపోతే ఆ రోజు కూర రుచిగా కుదిరేది. ఐదో రోజు "కిర్రు"మని కదిలింది. ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది.

పిస్టను గీతలు పడి పనికిరాకుండా పోయింది. సిలిండరును అమలాపురం లేత్ షాపులో ఇచ్చి కొత్త స్లీవు వేయించాలన్నారు. పిస్టను, రింగులు బెంగుళూరు నుంచి రావాలి, నెల పట్టొచ్చు అన్నారు. నెలంటే ఎంతో దూరం. ఆలోగా నాగబాబు మనసు మారొచ్చు, బేబి మరో ఊరు వెళ్లిపోవచ్చు, సముద్రం ముందుకు రావొచ్చు. కానీ కొరియరు నాలుగో రోజే వచ్చింది.

అప్పుడు తులసి ఒక తప్పు పని చేసింది. కార్బొరేటరు విప్పి నూకయ్య గుడ్డ మీద పరిచిన సామానులో, గోరంత ఇత్తడి ముక్క ఒకటి ఉంది. పెట్రోలు దాని కన్నంలోంచే వెళ్లాలి. జెట్టు అంటారు. నూకయ్య టీకి వెళ్లినప్పుడు అది తీసి కందిపప్పు డబ్బాలో వేసేసింది.

మర్నాడంతా నూకయ్య జెట్టు వెతికాడు. మోకాళ్ల మీద పాకుతూ దొడ్డి అంతా చేత్తో తడిమాడు, చాటతో మట్టి జల్లించాడు. "నా కళ్లు పోయినట్టున్నాయమ్మా. ఇంక ఈ పని మానెయ్యాలేమో" అన్నాడు. సరదాకి అనలేదు. నిజంగానే అనుకుంటున్నాడు. తులసి ఇంక చూడలేకపోయింది. లోపలికి వెళ్లి పప్పు డబ్బా వంపి, జెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

నూకయ్య దాన్ని చూశాడు. దానికి అంటుకున్న కందిపప్పు బద్దను కూడా చూశాడు.

"నాకు తోలడం రాదు బాబాయ్" అంది తులసి. "కువైట్లో కడిగేనంతే. ఒక్కరోజు కూడా తోల్లేదు."

ఆయన మొద్దు చెవి తన వైపు ఉందేమో, వినపడలేదేమో అనుకుంది. నూకయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఈత రాదు. నలభై ఏళ్లుగా పడవల్లో తిరుగుతన్నాను. మీ పిన్నిక్కూడా తెలీదు. ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

"అయితే ఆ పానా అందుకో. పదో నంబరుది."

ఆ సాయంత్రం నుంచి తులసి షెడ్డులో పని ముగించుకుని తిన్నగా బండి దగ్గరికే వచ్చేది. సన్న రాగి తీగతో జెట్టు కన్నం శుభ్రం చేసింది. రింగులు ఎలా విప్పార్చి ఎక్కించాలో నేర్చుకుంది. మొదటిది విరిగింది, అందుకే లేత్ షాపతను రెండు జతలు తెప్పించాడట. కొత్త పిస్టను సిలిండర్లోకి జారినప్పుడు వచ్చిన మెత్తటి చప్పుడు ఆమెకు ఎంత నచ్చిందంటే, బయటికి తీసి మళ్లీ దింపించింది. ఈ బండి బాగవకూడదని తాను మొక్కుకున్న సంగతి ఆమెకు మూడు రోజుల తరవాత గాని గుర్తు రాలేదు.

పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి, మొదట నాగబాబు కిక్ కొట్టాడు. అది ఎదురు తన్ని పిక్క మీద కమిలిపోయేలా కొట్టింది. నూకయ్య కొట్టాడు, చెప్పు ఊడిపోయింది. తులసి ఆరేళ్లు కడుగుతూ చూసిందల్లా గుర్తు తెచ్చుకుంది. కాలితో కిక్‌ను మెల్లగా నొక్కి, బిగువు తగిలే చోట ఆపి, అక్కణ్నించి ఒక్క తొక్కు తొక్కింది. బండి గయ్యిమంది. దొడ్డి అంతా నీలం పొగ కమ్మేసింది. కోళ్లు గోడ దూకాయి. నాగబాబు కుంటుతూనే చప్పట్లు కొట్టి, "చూసేరా, కువైట్ కాలు" అన్నాడు. ఒళ్లు చేసిన అబద్ధం ఇంకో ముద్ద మింగింది.

పొగ విడిపోయాక కనకమ్మ చేతులు ఒకసారి చూసుకుని, "ఒక్క దోమ లేదర్రా" అంది. మర్నాటి నుంచి దీపాలు పెట్టే వేళకు ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి, "తులసిగారూ, ఓసారి మా వైపు సైలెన్సరు తిప్పి పెట్టండి" అని అడగడం మొదలుపెట్టారు.

ఆదివారం పొద్దున్న ఇసకలో తోలే ముహూర్తం నాగబాబే పెట్టాడు. ఆటో స్టాండు వాళ్లు వచ్చారు. బేబి స్కూటీ మీద వచ్చింది. కృష్ణమూర్తి గారు గొడుగేసుకుని, ఇంట్లో ఏం చెప్పి వచ్చారో గాని, ఆయనా వచ్చారు. పాటు తీసి, నీళ్లు వెనక్కి పోయి, ఇసక గట్టిగా, చదునుగా ఉంది. అవతల గోదారి పాయ.

"చెప్పెయ్యమ్మా" అన్నాడు నూకయ్య చిన్నగా.

"తోలేసి చెప్తాను బాబాయ్."

క్లచ్చు పట్టుకుని గేరు వేసింది. అంతవరకూ తెలుసు. క్లచ్చు మెల్లగా వదలాలన్న సంగతి తెలీదు. బండి ఒక గెంతు గెంతింది, ఆగిపోలేదు. ఆ బండి సంగతి ఏమిటంటే, మొదట ఒద్దికగా, కొత్త కోడల్లా గునగున నడుస్తుంది. సరే మంచిదే అనుకుని ఇంకొంచెం ఎక్సలేటర్ తిప్పితే ఒక్కసారిగా జూలు విదిల్చి లంఘిస్తుంది. తులసి చేతులు హ్యాండిలు పట్టుకున్నాయి, కాళ్లు వెనక గాల్లో ఉన్నాయి. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్సలేటర్ వదిలేస్తే ఆగుతుందని ఆమెకు తెలుసు, కానీ వేళ్లకు ఆ కబురు అందలేదు. భయం వేసింది. ఆ భయం అడుగున మరేదో చాలా బాగుంది. అదేమిటో తేల్చుకునేలోపు పాయ వచ్చేసింది.

బండి బురదలో నిలువునా దిగబడింది. తులసి దాన్ని దాటుకుని మొలలోతు నీళ్లలో పడింది. అందరూ పరిగెత్తారు. నూకయ్య ఒడ్డునే ఆగి తాడు విసిరాడు.

"కువైట్లో పాయలుండవు కదా, అలవాటు లేదు" అంటున్నాడు నాగబాబు ఆటో స్టాండు వాళ్లతో, నీళ్లలోకి దిగుతూనే.

తులసి బురద కక్కి, నోరు తుడుచుకుంది. ఇంక ఆ అబద్ధాన్ని మోసే ఓపిక లేదు. "కువైట్లో నేను తోల్లేదు బావా" అంది, అందరికీ వినపడేలాగే. "బండ్లు కడిగేదాన్ని. కూర్చుని ఫోటో తీయించుకున్నాను, అంతే. బేబి మాటకు ఉక్రోషం వచ్చి పంపేను."

నాగబాబు నీళ్లలో నిలబడిపోయాడు. బేబి స్కూటీ తాళం చేతిలో తిప్పుకుంటూ నేల చూసింది. కృష్ణమూర్తి గారు మాత్రం, "ఆ మాటకొస్తే మావాడూ ఇంతేనమ్మా, మొదటిసారి చెరువులోకే తోలేడు" అన్నారు, ఎవరూ అడగకపోయినా.

రెండు రోజులు నాగబాబు మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, మంచినీళ్లు ఇస్తే తాగాడు. ఆటో స్టాండులో వాళ్లు ఏమేం అంటున్నారో తులసి ఊహించుకోగలదు. ఆమె తన పనిలో తాను పడింది. బండిని గోదారి నీళ్లతో కడిగి, కార్బొరేటరు విప్పి, బురద తీసి, ఎవరి సాయం లేకుండా బిగించింది. అరుగు మీద నుంచి నాగబాబు ఆ చేతుల వంకే చూస్తున్నాడని ఆమెకు తెలుసు. పానాల నంబర్లు చూడకుండానే తీస్తోంది.

మూడో రోజు పొద్దున్న అతను టీ గ్లాసు దించి, "క్లచ్చు అలా ఒక్కసారిగా వదిలేస్తారటే ఎవరైనా?" అన్నాడు.

"మరి ఎలా వదలాలి?"

"చెప్తాను పద."

పాటు తీసినప్పుడల్లా ఇద్దరూ ఇసకలోకి వెళ్లేవారు. పదిహేను రోజులు పట్టింది. ఆమె పడినన్నిసార్లూ అతను "ఫరవాలేదు, లే" అన్నాడు. ఒక్కసారి అతనే తోలి చూపించబోయి పడ్డాడు. తులసి నవ్వు ఆపుకోలేక ఇసకలో కూలబడింది. అతనూ నవ్వాడు. ఫోటో సంగతి ఆ రోజే మొదటిసారి అడిగాడు, ఆ డ్రైవరెవరు, ఆ బండి ఎవరిదని. ఆమె అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది.

ఇప్పుడు తులసి ఆదివారాలు రేవు నుంచి సముద్రం అంచు దాకా తోలుకెళ్లి వస్తుంది. బేబి వచ్చి, "వదినా, నాకూ ఓసారి" అంటే, ముందు బండి కడగమని చెప్పింది. బేబి నిజంగానే కడిగింది.

మొన్న నాగబాబు కూడా వెనకెక్కుతానన్నాడు. ఆ బండి ఒక్కరు తోలుకోవడానికే చేసింది, వెనక కూర్చునేవాళ్లకు కాలు పెట్టుకునే చోటు లేదు. అతను ఆమె భుజాలు పట్టుకుని, మోకాళ్లు మడిచి, ఎటూ తోచక కూర్చున్నాడు.

"కాళ్లెక్కడ పెట్టుకోమంటావే?"

"గాల్లో పెట్టుకో బావా. నేను ఆపేదాకా దించకు" అని తులసి క్లచ్చు మెల్లగా వదిలింది.