ఫైలు లేని మనిషి

ఆ క్లినిక్ డాక్టరమ్మది ఉడుంపట్టు. జలుబని వచ్చిన ఆడమనిషినైనా సరే, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకుని ఎన్నేళ్లయిందో అడగందే పంపదు. ఈ పరీక్షలు ఎన్నేళ్లకోసారి చేయాలో సర్కారు నియమాలు పెట్టింది గానీ, ఆ నియమాలు రాసినవాళ్లు కూడా వాటిని అంత శ్రద్ధగా చదివి ఉండరు. గడువు దాటిన ఫైలుకు నర్సక్క ఎర్ర చీటీ అంటిస్తుంది. "వచ్చే వారం వస్తాలే" అని ఎవరైనా మెల్లగా జారుకోబోతే, తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

"అయితే నేనూ వచ్చే వారమే లేస్తాను."

డాక్టర్లు ఈ నియమాలు ఎంతవరకు పాటిస్తున్నారో చూడటానికి ఆ ఏడు ఒక అధికారిణి తనిఖీకి వచ్చింది. పొద్దుటంతా ఫైళ్లు తిరగేసి, "ఒక్కరినీ వదల్లేదే!" అంది. డాక్టరమ్మ మొహం చాటంతయింది.

"అంతా మా అక్క చలవేనండీ."

"మరి మీరెప్పుడు చేయించుకున్నారు?" అని అధికారిణి మాటవరసకి నర్సక్కనడిగింది.

పదహారేళ్లుగా చీటీలు అంటిస్తున్న మనిషికి, అంటించడానికి తన ఫైలే లేదు. జ్వరమొస్తే డాక్టరమ్మ నడుస్తూ మాత్ర ఇచ్చేది, ఈవిడ నడుస్తూనే మింగేది. రోజూ పక్కనే ఉండే మనిషిని ఒక్కసారీ అడగలేదని డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది.

"లోపలికి పద అక్కా."

"బయట ఇంకా ముగ్గురున్నారు డాక్టరమ్మా."

"కుర్చీ అడ్డం వేసుకోమంటావా?"

రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ డాక్టరమ్మ అయినదానికీ కానిదానికీ అందరిమీదా విసుక్కుంది. రిపోర్టు వచ్చాక బల్ల మీద నర్సక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"క్యాన్సరు కాదక్కా. కానీ ఊరుకుంటే అయ్యేది. చిన్న ముక్క తీసేస్తే చాలు. ఎవర్నైనా తిట్టాలని ఉంది, ఎవర్ని తిట్టాలో తెలియట్లేదు."

"నన్నే తిట్టండి, అలవాటేగా" అంది నర్సక్క. అంటూనే ఏడ్చేసింది. డాక్టరమ్మ కూడా ఏడ్చింది. బయట వరసలో ఉన్నవాళ్లు తమ దగ్గులు తామే ఆపుకున్నారు.

పెద్దాసుపత్రిలో ఆ ముక్క తీసేశారు. మూడు వారాలకి నర్సక్క తిరిగి పనిలోకొచ్చింది. ఆవిణ్ణి చూడగానే డాక్టరమ్మ ప్రాణం లేచొచ్చింది. తీరా కూర్చుంటే, బల్ల మీద కొత్త ఫైలొకటి, దానికి ఎర్ర చీటీ.

"ఎవరిదక్కా ఇది?"

"చూడండి."

తెరిచింది. లోపల ఉన్నది తన పేరే, తన పుట్టిన తేదీయే. ఆఖరి పరీక్ష అన్నచోట ఖాళీగా ఉంది.

"పక్క వీధి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. పదకొండింటికి వస్తున్నారు" అంది నర్సక్క.

"ఇవాళ జనం ఎక్కువున్నారు కదక్కా, వచ్చే వారం..."

ఆ మాట పూర్తయ్యేలోపే నర్సక్క కుర్చీ ఈడ్చుకెళ్లి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.