ముఫ్లిసీ దరఖాస్తు

కోర్టు ఫీజు కట్టలేనివాళ్లు దావా వేయాలంటే, తమకు వంద రూపాయల ఆస్తి కూడా లేదని ముందుగా మున్సిఫు ఎదుట రుజువు చేసుకోవాలి. రుజువైతే ఫీజు మాఫీ. నిజాం కాలం నుంచీ దాన్ని ముఫ్లిసీ దరఖాస్తు అంటారు. రాష్ట్రం పేరు మారినా, కాగితాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి పోతున్నా, ఆ మాట మాత్రం కోర్టు వరండాలో అట్లాగే ఉండిపోయింది.

దశరథం వకీలు ఇట్లాంటివి ఫీజు తీసుకోకుండా చేసేవాడు. మొదట్లో జాలితో చేశాడు. పన్నెండేళ్లు గడిచాక, ఎందుకు చేస్తున్నానని తనను తాను అడగడం మానేశాడు. వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో నోటికి అలవాటైపోయింది: పాత బట్టలే కట్టుకుని రండి, అడిగినదానికే జవాబు చెప్పండి, తలెత్తి మాట్లాడకండి. బోనులో వాళ్లు కుంగిపోతే తనలో ఎక్కడో చిన్న తృప్తి కలిగేది. అది తృప్తేనని ఒకరోజు గుర్తుపట్టాడు. గుర్తుపట్టినంత మాత్రాన అది పోలేదు.

మగ్దలేనమ్మ ధర్మపురి దిక్కు గోదావరి ఒడ్డు పల్లె నుంచి మొదటి బస్సులో వచ్చింది. భర్త సీమోను చనిపోయి మూడేళ్లు. పిల్లలు లేరు. చెరువు కింద అన్నదమ్ములకు ఉమ్మడిగా మూడెకరాల పొలముంటే మరిది అబ్రహాం మొత్తం తానే దున్నుకుంటున్నాడు. అన్న పోయాక వదినె పుట్టింటికి పోతుందనుకున్నాడు. ఆమె పోలేదు. అదే పొలంలో కూలికి నాట్లు వేసింది. ఎకరన్నర తనకు రావాలంటే దావా వేయాలి. దావాకు ఫీజు కట్టే డబ్బు ఆమె దగ్గర లేదు. ఈ దరఖాస్తు కొట్టివేస్తే పొలం మాట అక్కడితో సరి.

పాత చీర కట్టుకుని రమ్మంటే, ఆమె ఆదివారం గుడికి కట్టే తెల్లచీర ఉతికి కట్టుకొచ్చింది. బైబిలు మీద చెయ్యి పెట్టే చోటికి మాసిన బట్టతో ఎట్ల వస్తానని దశరథాన్నే అడిగింది. అతనికి వాదించే ఓపిక లేకపోయింది.

అబ్రహాం తరఫు వకీలు చీర గురించి అడగలేదు. ఆమెకు ఇల్లుందా, గొడ్డుందా అని కూడా అడగలేదు. మొన్న ఆదివారం గుడిలో సంఘం ముందు లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పావా అని అడిగాడు. చెప్పానంది. ఏమని చెప్పావన్నాడు.

"దేవుడు నాకేం తక్కువ చెయ్యలేదని చెప్పిన."

అది నిజమా, అబద్ధమా?

"నిజమే సార్."

మున్సిఫు కలం కింద పెట్టాడు. వెనక బెంచీలో అబ్రహాం తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. అతనిదీ అదే సంఘం, గుడిలో కూర్చునేదీ ఆమె ముందు వరుసలోనే. ఆ మాట వకీలుకు అందించింది అతనేనని చెప్పనక్కర లేదు.

దశరథం లేచాడు. దారి ఒకటే కనిపించింది. దేవుని ముందు అబద్ధమాడానని ఆమెతో అనిపించాలి. ఆమె అనదు. ఆ చీర చూసినప్పుడే అతనికి ఆ సంగతి తెలిసింది. మెదడు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకి, ఏ సంబంధమూ లేకుండా, చిన్ననాటి ఇల్లు వచ్చింది. మగ్గం మీది పడుగుకు పెట్టాల్సిన గంజి ఆకలికి తమ్ముడు తాగేస్తే, అవ్వ వాణ్ని కొట్టలేదు. మగ్గం ఇయ్యాల ఎందుకు ఆగిందని అడిగిన పొరుగామెకు నూలు రాలేదని చెప్పింది.

"అమ్మా, రాత్రి ఏం తిన్నవ్?" అన్నాడు.

ఆమె అతని వైపు చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. నలుగురిలో తన కొంగు లాగినవాడు తనవాడే అయినట్టు. మున్సిఫు చెప్పమన్నాడు.

"ఏం తినలే."

"నిన్న పగటీలి?"

"అంబలి. మొన్నటిది."

"మరి తక్కువ చెయ్యలేదని ఎట్ల చెప్పినవ్?"

"ఆకలున్నోళ్లు గూడ లేచి గట్లనే చెప్తరు సార్. చెప్పకుంటే దేవుని మీద ఫిర్యాదు చేసినట్టయితది."

ఎవరూ నవ్వలేదు. మున్సిఫు ఆ జవాబు ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలియక కాసేపు ఆగాడు. తరువాత ఏదో రాసుకున్నాడు. ఫీజు పోయేది సర్కారుకే కనుక పిలిపించిన సర్కారు వకీలుకూ అభ్యంతరం లేదు. దరఖాస్తు మంజూరైంది. దావా మొదటి వాయిదా రెండు నెలల తరువాత.

గెలిచినందుకు దశరథంలో ఏమీ కదల్లేదు. ప్రశ్న అంత సులువుగా తన నోటికి వచ్చిందే, అదే అతన్ని వేధించింది. అవ్వ ఊరంతటికీ తెలియకుండా దాచిన ఆకలిని ఇన్నాళ్లకు పనిముట్టుగా వాడుకున్నాడు. మగ్దలేనమ్మ వరండాలో గోడ పక్కన నిలబడి ఉంది.

"గా మాట గంతమంది ముంగట అడగకపోతే అయితుండె" అంది.

అడగకపోతే ఓడిపోయేవాళ్లమని అతనన్నాడు. తెలుసన్నట్టు తలూపింది. తెలియడం వల్ల ఆమెకేమీ తేలికైనట్టు కనిపించలేదు. దావా తెగడానికి ఆరేళ్లు పట్టవచ్చని, పైకోర్టుకు పోతే ఇంకా ఎక్కువని ఇప్పుడే చెప్పాలా వద్దా అని అతను ఆలోచిస్తుండగా అబ్రహాం వచ్చాడు. దగ్గరికి కాదు, స్తంభం దాకా. అక్కడే ఆగాడు.

"వదినె, ఇంటికి నడువు. తిన్నంక మాట్లాడుదం. సంఘమంత నన్నేమనుకుంటది?"

ఆమె మరిది ముఖాన్ని చూసింది. పొలం గురించి అతను ఒక్క మాట అనలేదు.

"నువ్వు పెడ్తే తింట అబ్రహాం. ఎందుకు తినను? నా పొలం గింజలే కద" అంది. తరువాత దశరథం వైపు తిరిగి, వాయిదా ఏ నెల, ఏ తారీఖో ఇంకొకసారి చెప్పమంది. అతను చెప్పాడు. మరిచిపోకుండా, పెదవులతో రెండుసార్లు అనుకుంది.

వదినె ముందు, మరిది వెనక, బస్సు ఆగే చోటికి నడిచారు. ఇద్దరిదీ ఒకటే బస్సు.