ఎండిన జలపాతం దగ్గర ఎర్రటోపీ

అక్టోబరులో జలపాతానికి జాంబియా వైపున రాయే మిగులుతుంది. జలపాతం తుంపరకు తడవకుండా వానకోట్లు అద్దెకిచ్చే మియోబా వాళ్ళమ్మకు ఆ నెలంతా బేరం ఉండదు. అయినా రోజూ వచ్చి కోట్లు తీగ మీద ఆరేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చి లోయ అంచున నిలబడింది. లంగా మీద లంగా తొడిగిన తీరు చూడగానే లోజీ తెగ మనిషని తెలిసిపోయింది. లోజీలకూ, మియోబా వాళ్ళమ్మ పుట్టిన టోంగాలకూ తాతలనాటి బావామరదళ్ళ వరస. ఎదురుపడితే ఎగతాళి చెయ్యాలి. చెయ్యకపోతేనే తప్పు.

"ఏం వదినా, నీళ్ళన్నీ ఎగువన మీ మొంగు ఊళ్ళోనే తాగేసి వచ్చావా?"

బదులుగా టోంగాలు మేపుకునే ఎడ్ల మీద ఒక వెటకారం మాట రావాలి. రాలేదు.

"నీళ్ళేవి?" అంది ముసలావిడ. "మా దగ్గర ఏట్లో ఇంకా పడవలు తిరుగుతున్నాయి. ఆ నీళ్ళన్నీ ఇక్కడికే కదా రావాలి?"

"ఈ నెలలో అవతలి ఒడ్డునే పడతాయి. ఇటు రావాలంటే వానలు పడాలి."

ముసలావిడ పేరు నమకావు. రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలోంచి ఎర్రటోపీ తీసింది. పడవల పండుగకు లోజీ మగవాళ్ళు పెట్టుకునేది.

"మా ఆయనది. ఇమాసికు. మార్చి వరదలో పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు. ఏరు ఎన్ని వంకలు తిరిగినా ఇక్కడ దూకక తప్పదంటారు. ఇది ఆయన వెంట పంపేస్తే నా మనసు కుదుటపడుతుందని వచ్చాను. ఇంతవరకూ ఏడుపు కూడా రాలేదు నాకు."

"చావుకి మా టోంగాలెవరూ రాలేదా?"

"పూడ్చడానికేముందని వస్తారు?"

మియోబా వాళ్ళమ్మ నాలుక కరుచుకుంది. చావింట్లో గొయ్యి తవ్వేదీ, పోయినవాడిలా నటించి నవ్వించేదీ వరసైనవాళ్ళే. ఇప్పుడు తను ఎగతాళి ఆపేస్తే ఇమాసికు చావుకు టోంగాలు రానట్టే.

టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. తీగకు ఊతంగా నిలబెట్టిన గెడ తీసుకుని రాతి మీదికి దిగింది. నీళ్ళున్న నెలల్లో మనిషి నిలవలేని చోటది. కాళ్ళు ఎడంగా పెట్టి, పడవ నడుపుతున్నట్టు గెడ వేసింది.

"తప్పుకోండి! ఇమాసికు దొరగారొస్తున్నారు! చేపల్లారా, మీ అమ్మానాన్నల్ని నిన్ననే తిన్నాను, ఇవాళ మీ వంతు!" అని నాలుగడుగులు వేసి చతికిలబడింది. "బాబోయ్, చేపలే నన్ను పట్టేశాయి!"

నమకావు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత నవ్వింది.

"అలా కాదే ఆవు మొహమా! ఎడమ చెయ్యి పైన. ఆయనది ఎడమచేతి వాటం."

దిగొచ్చి గెడ లాక్కుంది. రెండుసార్లు వేసి చూపించింది.

"ఇదిగో, ఇలా. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడవ..."

గెడ పట్టుకునే కూలబడి ఏడ్చింది. మియోబా వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఊరుకోమనలేదు.

బస్సు వేళకు నమకావు లేచి టోపీ కోసం చెయ్యి చాచింది.

"ఇవ్వను. చావింట్లో చేతికందింది ఎత్తుకుపోయే హక్కు మాది. ఏప్రిల్లో నీళ్ళొచ్చాక నేనే వదులుతాను."

"దొంగముండా! వదిలావో లేదో చూడ్డానికి వస్తా."

"రా. తడిసి ముద్దవుతావు. కోటు మాత్రం నా దగ్గరే తీసుకోవాలి."