నాలుగు లైట్లూ ఒక్కసారే

గోవిందస్వామి తీగ పైతొడుగును పంటితో లాగి ఊసి, మోటారుసైకిలు వెనక గొంతుక్కూర్చున్నాడు. చిత్తూరులో పలమనేరు రోడ్డు పక్కన అతనిదో రేకుల షెడ్డు. ఇరవై ఆరేళ్లుగా లారీలకు వైరింగు చేస్తున్న చేతులు అతనివి. బ్యాటరీ ద్రావకం పడి పడి వేళ్ల చివర్లు తెల్లగా మొద్దుబారాయి. ఉన్న బనియన్లన్నిటికీ పొట్ట దగ్గర జల్లెడలా చిల్లులే. ఏ లారీ హారను మూగబోయినా కాసేపు చెవి ఆనించి, తీగ ఎక్కడ తెగిందో చెప్పగలడు. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఊళ్లో ఎవరికీ ఏమీ లేదు.

ఆ రోజు చేస్తున్నది సొంత బండి పని. ముందు రెండు, వెనక రెండు పసుపు లైట్లు దానికి ఇదివరకే ఉన్నాయి. ఎటు తిరిగితే అటువైపువి వెలుగుతాయి. ఇప్పుడు నాలుగూ ఒక్కసారే వెలిగి ఆరాలి. రెండు పక్కల తీగలనూ ఊరికే ముడేస్తే, ఇక ఎటు తిరిగినా నాలుగూ వెలుగుతాయి. అందుకని రెంటినీ విడివిడిగానే ఉంచి, కావాలన్నప్పుడు మాత్రం కలిపే స్విచ్చి ఒకటి పాత బస్సులోంచి విప్పి తెచ్చి బిగిస్తున్నాడు.

రెండు నెలల కిందట మొగిలి ఘాటు రోడ్డులో చిన్నబ్బ పోయాడు. భార్య అలివేలమ్మకు ఒక్కడే తమ్ముడు. గోవిందస్వామి దగ్గరే పని నేర్చుకున్నాడు. మునిమాపు వేళ, ఆగిపోయిన లారీ కింద పడుకుని పని చేస్తుంటే వెనకనుంచి ఇంకో లారీ వచ్చి గుద్దింది. టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది గోవిందస్వామే. అప్పటినుంచీ ఘాటు పని ఎవరు పిలిచినా అతను తల అడ్డంగా ఊపుతున్నాడు.

మధ్యాహ్నం అలివేలమ్మ సంగటి తెచ్చింది. బయట మబ్బు కమ్ముకుని ఉంది. అతను స్విచ్చి నొక్కాడు. ఆ మసక వెలుతురులో నాలుగు లైట్లూ టక్కు టక్కుమని వెలిగి ఆరాయి. రేకుల గోడ పసుపు పచ్చగా మారి, మళ్లీ నల్లబడింది.

"సూడు. ఇంగ యాడ నిలబెట్టినా అల్లంత దూరానికి కనపడతాది."

అలివేలమ్మ చాలాసేపు చూసింది. "ఇదేందయ్యా, పొమ్మంటా ఉండాదా, రమ్మంటా ఉండాదా?"

"తొలగమంటా ఉండాది."

"నాకు సూస్తేనే గుండె దడగా ఉండాది. ఆర్పు."

అతను ఆర్పేశాడు. ఆమె సంగటి గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

నాలుగు దాటాక బెల్లం లారీ డ్రైవరు ఆదిమూలం బస్సు దిగి తడుస్తూ వచ్చాడు.

"స్వామన్నా, మొగిలి ఘాటులో బండి నిలిసిపోయినాది. ఒక్క లైటూ ఎలగలే. నిలిసింది మలుపులో. సీకటి పడితే ఎవుడన్నా వచ్చి గుద్దేస్తాడు. బండి కాడ క్లీనరు ఒగడే ఉండాడు."

గోవిందస్వామి పైకి చూశాడు. చినుకు సన్నగా పడుతోంది. నిన్నటిదాకా అయితే తల అడ్డంగా ఊపేవాడే. ఇవాళ చెయ్యి సామాను సంచి మీదికి పోయింది.

"ఎక్కప్పా, పోదాం."

ఘాటులో మంచు రోడ్డు మీదికి దిగుతోంది. కొండ దిగుతూ ఆగిన లారీ మలుపులో ఎడమ అంచున ఒరిగి ఉంది. దాని వెనక క్లీనరు తలకాయంత రాళ్లు ఏడు, రోడ్డు మధ్యదాకా వరసగా పేర్చాడు. గోవిందస్వామి వాటికీ వెనకగా తన మోటారుసైకిలు నిలిపి స్విచ్చి నొక్కి, లారీ కింద దూరాడు.

వెనకనుంచి బండి వచ్చిన ప్రతిసారీ అతను పని ఆపి చెవి ఒగ్గేవాడు. బండి మెల్లగా అయ్యేది, కుడికి తొలిగేది, వెళ్లిపోయేది. నాలుగోది వెళ్లాక ఇక పని ఆపలేదు. ఎలుకలు కొరికిన తీగ దొరికింది. అతికించి చుట్టాడు. లారీకి ప్రాణం వచ్చింది.

"నీ కడుపు సల్లగుండన్నా!" అని ఆదిమూలం లారీ ఎక్కాడు.

"రాళ్లు తీసేసి పో అబ్బా!"

ఇంజను మోతలో ఆ మాట వాళ్లకు అందలేదు. లారీ మలుపు తిరిగిపోయింది.

గోవిందస్వామి కూడా వెళ్లిపోవచ్చు. కానీ ఈ మంచులో ఏ సైకిలువాడో వచ్చి పడతాడు. బండి లైట్లు అలాగే ఉంచి రాళ్ల దగ్గరికి నడిచాడు. ఎడమ అంచు రోడ్డుకేసి వాలుగా ఉంది, అక్కడ పెడితే మళ్లీ దొర్లుకొస్తాయి. కాబట్టి ఒక్కొక్కటే ఎత్తి, రోడ్డు దాటి, కుడి పక్కన కొండ మొదట్లో పెట్టసాగాడు. అయిదు పెట్టాడు. ఆరోది పొట్టకానించుకుని రోడ్డు మధ్యకు వచ్చాడు.

మోటారుసైకిలు వెనకవైపు, పైనుంచి బస్సు దిగింది. డ్రైవరు నెమ్మదస్తుడు, తాగినవాడు కూడా కాదు. "లైట్లు దూరం నించే సూసినా సార్. ఆడేదో నిలిసిండాదని కుడికి తొలిగినా. మంచులో మనిషి కనపడలే" అని తర్వాత పోలీసులకు చెప్పుకుని ఏడ్చాడు. బస్సులోని వాళ్లకు చిన్న కుదుపు మాత్రమే తెలిసింది. ఆరో రాయి దిగువకు దొర్లిపోయింది.

ప్రాణం పోయిన గోవిందస్వామిని అదే బస్సులో పడుకోబెట్టి ఊళ్లోకి తీసుకుపోయారు. ఎవరో లైట్లార్పి, మోటారుసైకిలును కిందికి తోసుకుంటూ పోయారు. చినుకు నిలిచింది. రోడ్డు మధ్యన ఏడో రాయి ఒక్కటే, తడిసి నల్లగా, అలాగే ఉంది.