వంకర సముద్రం

గాజు పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుని మేస్త్రి ఒక కన్ను మూశాడు. తుడవడం అది మూడోసారి. అయినా ఎక్కడో ఒక వేలిముద్ర మిగిలే ఉంటుందని అతని నమ్మకం. ఒక మూలన నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో రుద్ది, మళ్లీ ఎత్తి చూశాడు. ఈసారి ఏమీ కనబడలేదు. కనబడకపోవడం మీద కూడా అతనికి కొంచెం అనుమానమే.

ముప్పై ఏళ్లుగా అతని పని ఇదే. ఆ తీరపు ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లు పదిహేను మంది దాకా ఉంటే, అందరి బొమ్మలకూ ఫ్రేములు కట్టేది అతనొక్కడే. సముద్రం కొట్టుకు నాలుగు వీధుల అవతలే ఉన్నా అటు వెళ్లడం ఎప్పుడో మానేశాడు. వెళ్లాల్సిన అవసరమేముంది? వారానికి రెండుసార్లు సముద్రమే అతని బల్ల మీదికి వస్తుంది. పడవల మాస్టారు వేస్తే నీళ్లకన్నా పడవలే ఎక్కువ. పోస్టాఫీసు గుమస్తా వేస్తే ప్రతి కెరటమూ మేడంత లేస్తుంది. పీతల పిన్ని పీతలు తప్ప ఇంకేమీ వెయ్యదు, అడిగితే సముద్రం తనకు అచ్చిరాదంటుంది. ఎవరి బొమ్మ అన్నది మేస్త్రి ముందువైపు చూడకుండా, కాగితం అంచులు తడిమి చెప్పేస్తాడు.

కొట్టుకు తాళం వేసి వీధి మలుపుదాకా పోయి, తిరిగొచ్చి లాగి చూసుకునే మనిషి అతను. ఆ పొద్దున టీ ఒక గుక్క తాగి, పొడి మార్చావా అని భార్యను అడిగాడు.

"అదే పొడి, అదే గిన్నె, అదే పెళ్లాం. కావాలంటే నాక్కూడా ఒక ఫ్రేము కట్టి గోడకి తగిలించుకోండి, ఎటూ పోకుండా ఉంటాను" అంది ఆవిడ. అతను టీ తాగేసి కొట్టుకు వచ్చాడు.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది టీచరమ్మ బొమ్మ. అంటే, టీచరమ్మదని చెప్పి ఆవిడ తమ్ముడు నిన్న ఇచ్చి వెళ్లిన బొమ్మ.

టీచరమ్మ ఆడపిల్లల బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైంది. ఇరవై ఏళ్లుగా ఇసుకలో చతికిలబడి నీటి రంగులతో సముద్రాన్ని వేస్తూ ఉంది. అందరూ అలల వెంట పడితే ఆవిడ ముందుగా దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను వేస్తుంది. అది తిన్నగా ఉంటే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని చెప్పేది. ఆ గీత మీద కొలబద్ద ఆనించి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ప్రపంచంలో తిన్నగా ఉన్న వస్తువు అదొక్కటేనని మేస్త్రికి అనిపించేది. ఆవిడ బొమ్మలంటే అతనికి ప్రాణం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఆవిడతో కూడా.

నాలుగు నెలలుగా ఆవిడ కొట్టుకు రావడం లేదు. తమ్ముడు వస్తున్నాడు. "అక్క పనిలో ఉందండీ" అని నేల చూపులు చూస్తాడు, నిలబడమంటే నిలబడడు. తెచ్చిన మొదటి బొమ్మలోనే గీత ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కాగితాన్ని అటూ ఇటూ వంచినా ఒక్క ఇసుక రేణువు రాలలేదు. పైగా ఏదో నొప్పుల మందు వాసన. మూలన సంతకం వణుకుతూ, నకలు దించిన సంతకంలా ఉంది. అది చాలదా? వీడే వేస్తున్నాడు, అక్క పేరు పెడుతున్నాడు, ఆవిడని ఎక్కడ పెట్టాడో ఏమో. ఆ అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది.

అయినా వంకర గీతను ఫ్రేములో బిగించడం అతనివల్ల కాలేదు. గీత తిన్నగా వచ్చేలా కాగితాన్ని తిప్పి, నాలుగు వైపులా ఏటవాలు ముక్కలు కోసేశాడు. ఒక ముక్కతో సంతకం పోయింది. పోతే పోయింది, దొంగ సంతకమేగా అనుకున్నాడు. రెండో బొమ్మకీ అదే శాస్తి చేశాడు. తమ్ముడు రెండింటినీ నోరెత్తకుండా తీసుకుపోవడంతో అనుమానం రూఢి అయింది. అన్యాయం లేకపోతే ఎందుకు అడగడు?

పదిన్నరకి కళాకారుల సంఘం కార్యదర్శి వచ్చాడు. మర్నాడే లైబ్రరీ హాల్లో సంఘం ప్రదర్శన. చేతిలో పేర్ల జాబితా ఉంది.

"టీచరమ్మవి మూడు కదా?" అన్నాడు.

"ఆవిడ పేరు తీసెయ్యండి సార్" అన్నాడు మేస్త్రి. "అవి ఆవిడ వేసినవి కావు."

కార్యదర్శి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నీకు నీ నీడ మీద కూడా అనుమానమే కదయ్యా."

"ఇరవై ఏళ్లు ఆవిడ చెయ్యి చూశాను. ఆవిడ సముద్రం ఒరగదు. తమ్ముడు వేసి ఆవిడ నెత్తిన రుద్దుతున్నాడు."

ఆయన నవ్వబోయి ఆగాడు. మేస్త్రి ముఖం అలా ఉంది. "నాలుగింటికి జాబితా అచ్చుకి వెళ్తుంది. ఈ లోపు వెళ్లి తేల్చుకునిరా. నిజమైతే పేరు కొట్టేస్తాను. ఒకసారి కొట్టేశాక మాత్రం ఊరంతా కారణం అడుగుతుంది, అది గుర్తుపెట్టుకో" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి మూడో బొమ్మను కూడా కోశాడు. సంతకం ఉన్న ముక్క బల్ల కింద పడింది, వంగి తీయలేదు. ఫ్రేము బద్దల మూలలు కలిపి మేకులు కొట్టి, పాత పేపరు చుట్టి చంకన పెట్టుకున్నాడు. తాళం లాగి చూసి, దారిపొడుగునా ఏమనాలో వల్లె వేసుకున్నాడు. ముందు అక్కను చూపించమంటాడు. చూపించకపోతే సంఘాన్ని పిలిపిస్తాడు. ఆవిడ ఎక్కడుందో తెలిసేదాకా ఆ గుమ్మం దిగడు.

ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉన్న పాత మేడ మీద, రెండే గదులు. తలుపు ఓరగా తీసి ఉంది. తమ్ముడు ముందు గదిలో కుర్చీ అంచున, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"టీచరమ్మ ఏదీ?" మేస్త్రి గొంతు తను అనుకున్నంత గట్టిగానే వచ్చింది.

"లోపలుంది."

మేస్త్రి ఆగకుండా లోపలికి నడిచాడు. కిటికీ పక్కన మంచం. టీచరమ్మ వెల్లకిలా పడుకుని ఉంది, గడ్డందాకా దుప్పటి. మనిషి సగమైపోయింది. గదంతా అదే నొప్పుల మందు వాసన.

"నిద్రపోతున్నారా?" అని గొంతు తగ్గించాడు.

"పొద్దున పదిన్నరకి పోయింది మేస్త్రీ" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. "డాక్టరు చూసి వెళ్లాడు. ముందు ఎవరికి చెప్పాలో తోచక అలా కూర్చుండిపోయాను."

పదిన్నరకి తను కార్యదర్శితో ఏమంటున్నాడో మేస్త్రికి గుర్తొచ్చింది. చంకలో ఫ్రేము జారబోతే గట్టిగా అదుముకున్నాడు.

"వెన్నుపూస జబ్బు" అన్నాడు తమ్ముడు. "నాలుగు నెలలైంది మంచాన పడి. ఒక పక్కకి తిప్పి పడుకోబెడితే చెయ్యి కొంచెం ఆడేది. చెప్పొద్దంది ఎవరికీ. తెలిస్తే పలకరించడానికొస్తారు, బొమ్మల్ని చూడరు, నన్ను చూస్తారు అంది. నాకా అబద్ధం చెప్పడం చేతకాదు. మీ కొట్టుకొచ్చిన ప్రతిసారీ చచ్చేవాణ్ని."

బొమ్మలు వేసే అట్ట ఇంకా దాని చోటునే ఉంది. దిండుకీ కిటికీ చట్రానికీ మధ్య ఇరికించి, గుడ్డపీలికతో కట్టి, ఒక మూల కిందికి దిగి ఉంది. ఆవిడ చెయ్యి అందాలంటే అది అలాగే ఉండాలి. మేస్త్రి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ తల ఎత్తుకి తన తల దించి చూశాడు. కిటికీలో సముద్రం కనబడింది. దూరాన ఉన్న గీత కిటికీ చట్రందాకా వచ్చి, అట్ట మీది కాగితంలోకి ప్రవేశించి, ఎక్కడా మెట్టు పడకుండా అవతలి అంచుదాకా సాగిపోయింది. ఆవిడ సముద్రం తిన్నగానే ఉంది. వంకర కాగితానిది.

"నేను కోసేశాను" అన్నాడు మేస్త్రి. "సంతకంతో సహా. ఇదిగో, ఇది కూడా."

"తెలుసు. ఆ రెండూ తెచ్చి చూపించాను కదా. మొదటిదానికి కోపమొచ్చింది, ఒక పూట మాట్లాడలేదు. రెండోది చూసి నవ్వింది. గీత వంకరగా ఉంటే మేస్త్రికి అన్నం సయించదురా, పోనీలే అంది. నిన్న చీకటి పడేదాకా ఈ నాలుగోదే వేసింది, నా చేత స్కేలు పట్టించి మరీ." తమ్ముడు అట్ట మీది కాగితం వైపు చూశాడు. "రేపు అక్క పేరు ఉంటుంది కదా మేస్త్రీ?"

జేబులో ఫోను మోగింది. కార్యదర్శి.

"ఏం తేలిందయ్యా? ఉంచనా, కొట్టెయ్యనా?"

"ఉంచండి. ఆవిడవే." అన్నాడు మేస్త్రి. "తప్పు నాదే సార్. అన్నీ ఆవిడవే."

"మూడేనా?"

"నాలుగు" అన్నాడు. ఆ తరవాత సంగతి చెప్పడానికి ఫోను తమ్ముడికిచ్చి, తను అక్కడే కూర్చుండిపోయాడు.

అట్ట మీది కాగితంలో, సముద్రపు గీతకు సమంగా, స్కేలు పెట్టి గీసిన సన్నని పెన్సిలు చట్రం ఉంది. దాని అవతల నాలుగు వైపులా, మేస్త్రి కత్తి పోయేంత మేర, ఏటవాలుగా తెల్లకాగితం వదిలేసి ఉంది. సంతకం ఈసారి అంచున లేదు. చట్రానికి బాగా లోపల, తడి ఇసుక రంగు మీద, వణుకుతూనే, పూర్తిగా ఉంది.