హాలుకొకటి, నాన్నకొకటి

బుల్లి వాళ్ళ నాన్నకు గర్వం ఎక్కువ. ఆ మాట ఎదురుగా అంటే కాదనడు సరికదా, ఇంకాస్త నిటారుగా కూర్చుంటాడు. ఆ గర్వమంతా తన గిటారు శబ్దం గురించే. అందరూ వాయిస్తారు, శబ్దం కొందరికే ఉంటుంది అంటాడు. ముఖం చూడకుండా, ఒక్క తీగ మీటితే చాలు, ఇది ఫలానావాడని తెలిసిపోవాలట. ఆయన విషయంలో అది నిజం కాబట్టి ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

ఆ శబ్దం ఇన్నేళ్ళూ ఒక పాత వాల్వు ఆంప్ లోంచి, అంటే గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెద్ద స్పీకరు పెట్టెలోంచి, వచ్చేది. బీరువాకి తమ్ముడిలా ఉండే ఆ ఆంప్‌ను మోయడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ నాన్న, ఆయన బ్యాండులో డ్రమ్స్ వాయించే బాబాయి. ఇద్దరికీ నడుములు పోయాయి. అది చాలదన్నట్టు, కచేరీ ఒప్పుకున్న పెద్ద హాలు వాళ్ళు స్టేజీ మీద ఆంప్‌లు పెట్టనివ్వం, వైరు నేరుగా మా స్పీకర్లకే ఇవ్వాలి అన్నారు. దాంతో నాన్న మనసు చంపుకుని ఒక డిజిటల్ పెట్టె కొన్నాడు. కాళ్ళ దగ్గర పెట్టుకునే పెట్టె. చిన్న తెర, కొన్ని మీటలు, లోపల పేరున్న పాత ఆంప్‌లన్నిటి శబ్దాల నకళ్ళు.

"నకలైతేనేం, నా వేళ్ళు పడితే అసలైపోతుంది," అన్నాడు తెచ్చిన రోజే.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక మధ్యాహ్నం బాబాయి బుల్లి పనిచేసే కళ్ళద్దాల షాపుకు వచ్చాడు. ఫ్రేములు చూస్తున్నట్టు నటించి, ఒకటి పెట్టుకుని, తీసేసి, చివరికి విషయం కక్కాడు.

"మీ నాన్న ఆ పెట్టెతో వాయిస్తుంటే చెవుల్లో సూదులు గుచ్చినట్టుందమ్మా. పాడే అమ్మాయి దూది పెట్టుకుని పాడుతోంది. ఆదివారం హాల్లో కూడా ఇలాగే ఉంటే ఇంకో గిటారిస్టుని చూసుకుందామంటున్నారు మావాళ్ళు."

"నాన్న పెట్టిన బ్యాండు కదా బాబాయ్ అది!"

"అందుకేగా చెప్పలేక నీ దగ్గరికొచ్చాను. ఆయనతో అంటే ఇంకేమన్నా ఉందా? పెళ్ళిచూపుల్లో పిల్ల వద్దన్నప్పుడు కూడా అంత బాధపడి ఉండడు."

"ఏ పిల్ల?"

"అది ఇంకోసారి చెప్తాలే," అని బాబాయి జారుకున్నాడు.

బుల్లి ఇంటికి వెళ్ళేసరికి నాన్న ముందుగదిలో పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. సన్నటి పై శబ్దాలను పెంచే ట్రెబుల్ మీట ఆఖరిదాకా తిప్పి ఉంది. ఆయన తీగ మీటాడు. బుల్లి పళ్ళు జివ్వుమన్నాయి. నాన్న మాత్రం పెదవి విరిచాడు.

"ఇంకా దుప్పటి కప్పినట్టే ఉందే. ఇదేం పెట్టెరా బాబూ!"

అప్పుడు అర్థమైంది బుల్లికి. మొన్న కాలింగ్ బెల్ మోగుతుంటే, ఎవరూ రాలేదని ఈయన వాదించడం గుర్తొచ్చింది. అన్నేళ్ళు ఒకపక్క ఆంప్, ఇంకోపక్క బాబాయి డ్రమ్స్ మీది ఇత్తడి తాళాల మధ్య నిలబడ్డ మనిషి. పై శబ్దాలు ఆయన చెవుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయాయి. వినపడని దానికోసం ఆయన మీట తిప్పుతున్నాడు, వినపడేవాళ్ళు చస్తున్నారు. ఒకసారి అమ్మ చెవుల డాక్టరు మాటెత్తితే, "నా చెవులకేం? వాటితోనే కదా నిన్ను పోషించింది," అని అన్నం దగ్గర్నించి లేచిపోయాడు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఆయన మంచినీళ్ళకు లేచినప్పుడు బుల్లి గబుక్కున ట్రెబుల్ తగ్గించింది. తిరిగొచ్చి ఒక్క తీగ మీటాడో లేదో, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాడు. మీట మళ్ళీ ఆఖరికి వెళ్ళింది.

బుల్లికి ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. తన తండ్రి శబ్దం బాగాలేదని ఎవరో అనడమా? ఆ శబ్దం వింటూ పెరిగింది తను. అందులో ఎంత తీపి ఉండాలో, ఎంత కారం ఉండాలో బాబాయికంటే, పాడే అమ్మాయికంటే తనకు తెలుసు.

పెట్టెతో వచ్చిన పుస్తకం తీసి కూర్చుంది. వెనకవైపు రెండు దారులున్నాయి. ఒకటి హాలు స్పీకర్లకు, ఇంకొకటి వాయించే మనిషి ఇయర్‌ఫోన్లకు. ఏ దారికి ఆ దారిలో విడిగా ట్రెబుల్, బాస్ పెట్టుకోవచ్చట. బుల్లి పుస్తకం మూసి, తనకు బాగా చేతనైన పని మొదలుపెట్టింది.

"నాన్నా, ఇయర్‌ఫోన్లు పెట్టుకో. నేను మీటలు తిప్పుతాను, నువ్వు వాయించి ఏది బాగుందో చెప్పు. ఇదా?" ఒక మీట నొక్కింది. "ఇదా?"

"రెండోది."

"ఇదా? ఇదా?"

"మొదటిదే. ఏంటే, నాకు అద్దాలు అమ్ముతున్నావా?"

షాపులో కంటి ముందు బిళ్ళలు మార్చి మార్చి అడిగినట్టే అడిగింది. ఆయన ఊహించి చెప్పడం లేదని తేల్చుకోవడానికి మధ్యలో కావాలనే ఒకే శబ్దాన్ని రెండుసార్లు వినిపించింది. "రెండూ ఒకటే, నన్ను పరీక్షిస్తున్నావా?" అని కసిరాడు. ఎక్కడ వినపడటం లేదో అక్కడ పెంచుకుంటూ, వినపడుతున్నచోట తాకకుండా వదిలేస్తూ పోయింది. చివరికి ఆయన ఒక రాగం మొదలుపెట్టి, ఆపడం మరిచిపోయాడు. మీటలు తిప్పే పని ఇక లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు మిగతావాళ్ళు రాకముందే రిహార్సల్ గదికి వెళ్ళి, పెద్ద స్పీకర్ల ముందు హాలు దారి సర్దింది. ఇయర్‌ఫోన్లతో నాన్న వాయిస్తున్నాడు. పెట్టె తెర మీద బొమ్మ స్పీకరు ముందు బొమ్మ మైకు ఉంటుంది, దాన్ని మధ్యలోంచి అంచుకు జరిపింది. గరగర పోయింది. ట్రెబుల్ సగానికి దింపింది. ఎకో కాస్త ఎక్కువ పెట్టబోతే నాన్న కసురుకున్నాడు.

"ఎకో పాట వెనకాల నడవాలే, పాట కాలు తొక్కకూడదు. తగ్గించు."

తగ్గించింది. ఆ విషయంలో ఆయన మాటే చివరిమాట. ఆయన గిటారు మీది వాల్యూమ్ కొద్దిగా తగ్గించి, వేళ్ళు మెత్తగా ఆనించగానే స్పీకర్లలోంచి తన చిన్నప్పటి శబ్దం వచ్చింది. పెట్టెలో ఎన్ని నకళ్ళున్నా ఇది మాత్రం లేదని బుల్లి మనసులో మురిసిపోయింది. రెండు దారుల సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాలంటే చెవుల సంగతి చెప్పాలి.

ఆదివారం హాలు నిండిపోయింది. బుల్లి హాలు సౌండు చూసే అతని పక్కన, గుప్పిళ్ళు బిగించుకుని కూర్చుంది. మొదటి పాటలో నాన్న అందుకోగానే పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఆమె చెవుల్లో దూది లేదు. బాబాయి డ్రమ్స్ వెనకనుంచి బుల్లిని వెతుక్కుని, పుల్ల గాల్లోకి ఎగరేశాడు. నాలుగో పాటలో నాన్న ఒక్కడే వాయించే చోటు వచ్చింది. అంత హాల్లో ఎవరూ కుర్చీ కూడా కదిపినట్టు లేదు. మా నాన్న, మా నాన్న అని పక్కవాళ్ళందరికీ చెప్పాలనిపించింది బుల్లికి. ఆగలేక సౌండు అతనికి చెప్పేసింది కూడా.

అయిపోయాక ఆ సౌండు అతనే స్టేజీ ఎక్కాడు.

"సార్, ఈ పెట్టెలు చాలా చూశాను గానీ ఇంత కమ్మగా ఎవరిదీ వినలేదు. ఏం పెట్టారో ఒకసారి చూపిస్తారా?"

రెండు దారుల సంగతి బయటపడుతుందని బుల్లి వెనకాలే పరిగెత్తింది. అప్పటికే నాన్న నడుం పట్టుకుని వంగి, మీటలు నొక్కి, సరిగ్గా ఆ తెరే తెరిచాడు. దాని మీద రెండు గీతలున్నాయి. ఒకటి చివర్లో కిందికి దిగుతోంది. ఇంకొకటి కొండెక్కుతోంది.

"కిందికి దిగేది హాలుది. ఎక్కేది నాది," అన్నాడు నాన్న, బ్యాండంతా చుట్టూ నిలబడి వింటుండగా. "నాకు పై శబ్దాలు వినపడవు బాబూ. ఎప్పట్నించో వినపడవు. హాలుది మా అమ్మాయి పెట్టింది."

బాబాయి పుల్లలు సంచిలో పెడుతూ పెడుతూ ఆగిపోయాడు.

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?" అంది బుల్లి.

"పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. నా పెట్టె నేను చూసుకోనా?"

"మరి మార్చలేదేం?"

"హాల్లో కూర్చునేది నేను కాదుగా." ఆయన సౌండు అతని వైపు తిరిగాడు. "ఇకమీద హాలు సంగతి ఏదున్నా ఈవిడనడగండి. మా బ్యాండులో సౌండు చూసేది ఈవిడే." ఆ మాట అన్నప్పుడు నాన్న ఎంత నిటారుగా నిలబడ్డాడంటే, నడుంనొప్పి మనిషని ఎవరూ అనుకోరు.

అందరూ వైర్లు చుట్టుకుంటూ దూరంగా జరిగాక, ఆయన బుల్లిని దగ్గరికి పిలిచాడు. తన శబ్దం ఎలా ఉందని ఆయన జీవితంలో ఎవర్నీ అడిగి ఎరగడు.

"ఆ నాలుగో పాటలో, ఆఖర్న పైతీగ సాగదీశాను చూడు. వేలికి తెలిసింది గానీ నాకు సరిగ్గా అందలేదు. ఎలా ఉంది?"

బుల్లి చెప్పింది. "సన్నగా పైకెళ్ళింది నాన్నా. ఇక తెగిపోతుందేమో అనుకునేంత సన్నగా. తెగలేదు. అక్కడే వణుకుతూ ఆగి, మెల్లగా గాల్లో కలిసిపోయింది. నా పక్కనామె ఊపిరి బిగబట్టింది."

నాన్న కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. తర్వాత గిటారు తీసి దాని సంచిలో పెడుతూ, "ఉండదా మరి," అన్నాడు. "వాయించింది ఎవరనుకున్నావ్?"