కండక్టరు గారి ఆవిడ

టైలరమ్మ లైనింగు గుడ్డ తెమ్మని పెద్ద బజారుకు పంపకపోతే ఆమె ఆ బస్సు ఎక్కేదే కాదు. మొగుడు కండక్టరని తెలుసు గానీ, డ్యూటీ ఏ రూటులోనో ఏనాడూ అడగలేదు. అడగడాలూ చెప్పడాలూ ఆ ఇంట్లో లేవు. పెళ్ళి కుదిరిన రోజే తల్లి చెవిలో ఊదింది: "అబ్బాయి ముభావి. నీ వాగుడు కాస్త కట్టిపెట్టు తల్లీ!" కట్టిపెట్టింది. ఆ మూట ఎక్కడ దాచిందో ఇప్పుడు తనకే గుర్తులేదు. "అన్నం పెట్టనా?" అంటే "ఊఁ". "వెళ్ళొస్తా" అంటే "ఊఁ". సంసారం ఊకొట్టుడు మీదే సాఫీగా నడిచిపోతోంది.

వెనక తలుపున ఎక్కి జనంలో ఇరుక్కుని నిలబడింది. ముందునుంచి ఓ గొంతు ఖంగుమంటోంది.

"జరగండి బాబూ, జరగండి! ఓ బాబాయ్, ఆ కడ్డీని అలా కావలించుకున్నావు, పిన్నికి తెలుసా?"

బస్సంతా గొల్లుమంది. ఆమెకూ నవ్వొచ్చింది. ఎవరీ మాటకారి అని మునివేళ్ళ మీద లేచి చూసి, అలాగే కొయ్యబారిపోయింది. తన మొగుడు! భుజాన సంచీ, ఎగరేసిన కనుబొమలు, తిప్పుతున్న చేతులు. మొహం ఆయనదే. ఆ నవ్వు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇంటికి రాలేదు.

"ఒరేయ్ కండక్టరూ, మీ ఆవిడ కబుర్లేమిట్రా ఇవాళ?" ముందు సీటులోంచి ఓ చేతికర్ర పెద్దమ్మ అడిగింది.

ఆమె చెవులు రిక్కించింది.

"ఏం చెప్పమంటావు పెద్దమ్మా! నిన్న ఇస్త్రీ చేస్తూ నా చొక్కా వీపున ఇంత కంత పెట్టింది. ఇదేంటే అంటే, 'కండక్టరు సంచీ చూస్తారు గానీ వీపెవరు చూస్తారండీ' అంది!"

మళ్ళీ గొల్లు. ఆమె మాత్రం నవ్వలేదు. చొక్కా కాలిన మాట నిజమే. ఆయన చూశాడు, మేకుకు తగిలించాడు, ఇంకోటి తొడుక్కుని వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు. అసలు తను నోరు విప్పితే కదా! మరి ఈ గడుసు పెళ్ళాం ఎవతె? ఇంకో కాపురం గానీ ఉందా? ఆ అనుమానం పూర్తిగా తలెత్తకముందే అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. ఆ మాటతీరు తనది. పుట్టింట్లో అచ్చం ఇలాగే వాగేది. ఆయన ఎన్నడూ వినందే! చూడని మనిషిని ఎలా పట్టుకున్నాడు?

"మరి నువ్వూరుకున్నావా?"

"ఊరుకుంటానా! 'డ్రైవరు అద్దంలోంచి చూస్తాడే' అన్నాను. దానికి మా ఆవిడా..."

టికెట్లు కొడుతూ వెనక్కి వచ్చిన ఆయన కళ్ళు ఆమె మీద పడ్డాయి. అంతే. దీపం ఊదేసినట్టు ఆ వెలుగంతా పోయి, ఇంట్లో మొహం వచ్చి కూర్చుంది. తన్ను చూసే! తన్ను చూసే ఈ మనిషి ఆరిపోయాడు!

"దానికి మీ ఆవిడా?" "చెప్పవయ్యా బాబూ!" నాలుగు వైపులనుంచీ తొందరపెడుతున్నారు. ఆయన టికెట్ల మిషను మీదికి తల దించేసుకున్నాడు. ఇక్కడ కూడా నోరు మూతపడితే ఈ మనిషికి ఇక బతకడానికి చోటేదీ అనిపించిందామెకు. అనిపించడమేమిటి, తన నోరే తెరుచుకుంది.

"'చూడనివ్వండి. ఎప్పుడూ అద్దానికి అడ్డంగా నిలబడతారాయె! ఆ కంతలోంచైనా వెనకొచ్చే బండ్లు కనబడతాయి పాపం' అంది."

బస్సు ఎగిరిపడేలా నవ్వారు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆమె మాత్రం ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు తనదేనా?

"భలే! మీ ఆవిడకు సరిజోడు దొరికిందిరోయ్," అంది పెద్దమ్మ.

"ఈవిడే పెద్దమ్మా," అన్నాడాయన మెల్లగా. ఆ మాట సీటు నుంచి సీటుకు పాకింది.

నవ్వులు తెగిపోయాయి. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. ఎంతో కాలంగా ఎరిగిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏవండీ," అంది ఆమె, రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తూ. "ఇంకా నేను ఏమేం అన్నానండీ?"

ఆయన భుజాన సంచీ సర్దుకున్నాడు. పెద్దమ్మే చేతికర్ర తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపుకు జరిగి చోటు చేసింది.

"రా అమ్మా, ఇలా కూర్చో. ఒకటా, రెండా!"